రూడీ నీమీ జుట్టు

కాపర్‌ఫోర్డ్‌లో బ్యాంకు దోపిడీ జరిగి యాభై ఏళ్లు దాటింది. దొంగ ఇంతవరకూ దొరకలేదు. ఇప్పుడు ఊరు బతుకుతున్నది ఆ దొంగ దొరకకపోవడం వల్లే. రాగి గనులు మూతపడ్డాయి, రైలు ఆగిపోయింది, సినిమా హాలు పైకప్పు మంచు బరువుకు కూలిపోయింది. ఊరికి ఆ దొంగ ఒక్కడే మిగిలాడు.

1973 అక్టోబరులో ఒక గురువారం, మధ్యాహ్నం రెండుంపావుకి, బౌలింగ్ బంతి, అంటే బెజ్జాల్లో వేళ్లు దూర్చి పట్టుకుని నేల మీద దొర్లించే బరువైన బంతి, ఉన్న సంచి పట్టుకుని ఒక మనిషి బ్యాంకులోకి వచ్చాడు. సంచిలోంచి బంతి తీసి కౌంటరు మీద పెట్టి, "ఉన్నదంతా ఇందులో వెయ్యండమ్మా, కంగారేం లేదు" అన్నాడు. క్యాషియరు వేసింది. "థాంక్సండీ" అన్నాడు. బయటికి పోతూ, లోపలికి వస్తున్న ఒక ముసలావిడ కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు కూడా. తుపాకీ ఉందా అని అతన్ని అడగడం ఎవరికీ తోచలేదు. మొహానికి మఫ్లరు చుట్టుకున్నాడు గానీ తల మీద టోపీ లేదు. టోపీయే కాదు, వెంట్రుక కూడా లేదు. "ఒలిచిన గుడ్డులా ఉంది" అని క్యాషియరు పోలీసులకి చెప్పింది.

బంతి మాత్రం కౌంటరు మీదే ఉండిపోయింది. దాన్ని ఇప్పుడు లైబ్రరీలో అద్దాల బీరువాలో పెట్టారు. ఏటా అక్టోబరు మూడో శనివారం దొంగ పండగ. ఆ రోజు బీరువా తాళం తీస్తారు. డెట్రాయిట్ నుంచీ షికాగో నుంచీ వచ్చినవాళ్లు వరసలో నిలబడి మరీ ఆ బంతి బెజ్జాల్లో వేళ్లు దూర్చి చూసుకుంటారు. వేళ్లు సరిపోయినవాళ్లు పళ్లన్నీ కనబడేలా ఫోటో దిగుతారు. సరిపోనివాళ్లు నిజంగానే బాధపడతారు.

ఆ బెజ్జాల్లో అందరికంటే ముందు వేళ్లు సరిపోయినవాడు రూడీ నీమీ. ఊళ్లో మంగలి. ఆ గురువారం షాపు మూసేసి ఎటో వెళ్లాడు. ఎటు వెళ్లాడో పోలీసు డిప్యూటీ గోర్డీ ట్రెంబాత్ మూడు రోజులు కూర్చోబెట్టి అడిగినా చెప్పలేదు. వేళ్లు సరిపోయాయి, ఆచూకీ లేదు, బౌలింగ్ జట్టులో కూడా ఉన్నాడు. అయినా కేసు పెట్టలేకపోయారు. ఎందుకంటే రూడీ తల మీద జుట్టు గుబురుగా, నల్లగా, అలలు అలలుగా ఉండేది. షాపు కిటికీలో బోర్డు కూడా పెట్టాడు: "నా తల చూడండి, నా తైలం వాడండి" అని. ఆ తైలం తనే కాచి సీసాల్లో పోసి అమ్మేవాడు. ఊళ్లో సగం మంది మగాళ్లు కొనేవాళ్లు.

పండగకి వచ్చే జనం దీన్ని జుట్టు చిక్కు అంటారు. ఈ చిక్కు విప్పడానికి యాభై ఏళ్లుగా తలలు పీక్కుంటున్నారు. రబ్బరు టోపీ తొడుక్కున్నాడని కొందరు, కవల సోదరుడున్నాడని కొందరు. గుండు గీయించుకున్నాడనీ, తైలం మహిమ వల్ల తెల్లారేసరికి మళ్లీ మొలిచిందనీ ఒక పెద్దమనిషి ఏకంగా పుస్తకమే అచ్చేయించాడు.

రూడీ పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన భార్య ఐలీకి డెబ్బై తొమ్మిది. పండగలో ఆమెకి ముందు వరసలో మెత్తని కుర్చీ ఉంటుంది. రూడీ అన్నగారి కూతురు బెర్నడెట్ లైబ్రరీ చూసుకుంటుంది, పండగ నడిపేదీ ఆమే. ప్రతి ఏడూ మైకు ఐలీ నోటి దగ్గర పెట్టి, "పిన్నీ, నిజం చెప్పు, బాబాయే చేశాడా?" అంటుంది. "లేదు" అంటుంది ఐలీ. హాలంతా ఈలలు. "ఆవిడ 'లేదు' అనే తీరు చూశారా!" అని జనం ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటారు.

మొదట్లో ఐలీకి ఒళ్లు మండేది. తరవాత అలవాటైంది. ఇంకా నిజం చెప్పాలంటే, కొంచెం బాగానే ఉండేది. రూడీకైతే ఎంత బాగుండేదో చెప్పలేం. పెళ్లైన కొత్తలో నలుగురిలో నోరు విప్పాలంటే చెవులు ఎర్రబడిపోయే మనిషి. అనుమానం వచ్చి పడ్డాక షాపు ముందు జనం బారులు తీరారు, కత్తిరింపు మధ్యలో ఏమైనా నోరు జారతాడేమోనని. రూడీ కత్తెర ఆపి, అద్దంలో వాళ్ల కళ్లలోకి చూసి, "డబ్బుదేముంది, ఈ రోజు ఉంటుంది, రేపు పోతుంది" అని మళ్లీ కత్తిరించేవాడు. "నీకేం పోయేకాలం? ఎందుకలా అంటావు?" అని ఐలీ కేకలేసేది. "నేను అబద్ధం చెప్పానా?" అనేవాడు.

ఆ గురువారం రూడీ ఎక్కడున్నాడో ఐలీకి తెలుసు. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆమె కూడా యాభై ఏళ్లు ఆ మాట మీదే నిలబడింది.

ఈ ఏడు పండగ ముందురోజు పొద్దున్నే వంటింట్లో పాస్టీలు చేస్తోంది ఐలీ. మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ కూరి, కజ్జికాయలకి మడిచినట్టు అంచులు మడుస్తోంది. తలుపు తట్టిన చప్పుడైంది. వాకిట్లో ఎర్ర కళ్లద్దాల అమ్మాయి, భుజాన పెద్ద సంచి.

"ఐలీ గారూ, నా పేరు డెలానీ. నేను పాడ్‌కాస్ట్ చేస్తాను. తేలని కేసుల మీద."

"అందరూ చేసేది అదే కదమ్మా. రా, చేతులు కడుక్కో. మాట్లాడాలంటే అంచులు మడవాలి."

డెలానీ చేతులు కడుక్కుంది. రెండు పాస్టీలు పాడుచేసింది. మూడోది మడుస్తూ అసలు విషయానికి వచ్చింది.

"రేపు వేదిక మీద నేను ఒక కొత్త సంగతి చెప్పబోతున్నాను. ముందు మీకు చెప్పకుండా చెప్పడం మర్యాద కాదని వచ్చాను. మీకు కష్టంగా ఉంటుందేమో."

"ఏమిటది? ఆ దోపిడీలో నేను కూడా ఉన్నానా? పోయిన ఏడు ఒకాయన నేనే కారు నడిపానన్నాడు. నాకు డ్రైవింగు వచ్చింది ఎనభై ఒకటిలో."

"అది కాదండీ. రూడీ గారు మూడు నెలలకోసారి గ్రీన్ బే వెళ్లేవారు. ఎప్పుడూ గురువారాలే. అక్కడ ఒక మేడ మీద వాటాలో వివియన్ అనే ఆవిడ ఉండేది. మధ్యాహ్నం వెళ్లి సాయంత్రం వచ్చేవారు. వెళ్లేటప్పుడు టోపీ కళ్ల దాకా దించుకునేవారట. ఆ మేడ కింద బేకరీ నడిపినాయన కూతురు నాకు చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు కళ్లారా చూసిందట." డెలానీ గొంతు తగ్గించింది. "డబ్బు ఆవిడ కోసమే దొంగిలించారని నా అభిప్రాయం."

ఐలీ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఎవరికోసం?"

"వివియన్ కోసం. ఆయన... అంటే... మనసిచ్చిన మనిషి."

ఐలీ నవ్వబోయింది. నవ్వు రాలేదు. దొంగ పెళ్లాం అంటే యాభై ఏళ్లు పడింది. అందులో ఒక దర్జా ఉంది, మెత్తని కుర్చీ ఉంది. మొగుడు ఇంకోదాని మేడెక్కుతుంటే తెలియని పిచ్చి పెళ్లాం అనిపించుకోవడమా! రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చుంటే జనం ఆమెని చూసి ఈలలు వెయ్యరు, అయ్యో అంటారు.

"ఆవిడకి అప్పుడు వయసెంతో కనుక్కున్నావా?"

"లేదండీ."

"అరవై రెండు. ఒంటికన్ను పిల్లి ఉండేది. ఆ పిల్లి రూడీని రెండుసార్లు రక్కింది."

డెలానీ పాస్టీ కింద పెట్టేసింది. "అంటే మీకు తెలుసా! ఆవిడ ఎవరు?"

ఐలీ పిండి ముద్దని బల్ల మీద అదిమింది. "రేపు నీకంటే ముందు నేను మాట్లాడతాను. అంతవరకూ నువ్వు నోరు విప్పకు. ఆ అంచు విడిపోతోంది చూడు, గట్టిగా నొక్కు."

ఆ అమ్మాయి వెళ్లాక ఐలీ పాస్టీలన్నీ ఓవెన్లో పెట్టింది. తరవాత బీరువా పై అరలోంచి గుండ్రటి అట్టపెట్టె దించింది. "నన్నేం అనకు రూడీ" అంది పైకే. "నువ్వు సిగ్గుపడితే నేనూ పడ్డాను. ఇప్పుడు ఆ వివియన్‌ని నీకు అంటగడితే ఊరుకోమంటావా? నా వల్ల కాదు."

మర్నాడు లైబ్రరీ హాలు క్రిక్కిరిసిపోయింది. వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని గోర్డీ ట్రెంబాత్ కూర్చున్నాడు. ఎనభై రెండేళ్లు. ఏటా వస్తాడు, ఏటా అక్కడే కూర్చుంటాడు. "ఏం గోర్డీ, ఏమైనా ఆధారం దొరికిందా?" అని వచ్చే పోయేవాళ్లు భుజం తడతారు. బయట అమ్మే టీషర్టుల మీద ఆయన బొమ్మే, భూతద్దంతో తన బూట్లే వెతుక్కుంటూ. ఐలీ ఆయనతో యాభై ఏళ్లుగా మాట్లాడలేదు. తన మొగుణ్ణి మూడు రోజులు ఏడిపించాడని.

బెర్నడెట్ మైకు తెచ్చింది. "పిన్నీ, నిజం చెప్పు, బాబాయే..."

ఐలీ మైకు లాక్కుంది. "బెర్నీ, నువ్వు కూర్చో."

ఒళ్లోని అట్టపెట్టె పట్టుకుని లేచి నిలబడింది.

"ఆ గురువారం మీ బాబాయి గ్రీన్ బేలో ఉన్నాడు. పన్నెండు నుంచి నాలుగు దాకా. వివియన్ అనే ఆవిడ దగ్గర." జనంలో గుసగుసలు. "ఆగండి! గుసగుసలాడకండి. ఆవిడ విగ్గులు కట్టేది."

అట్టపెట్టె మూత తీసింది. లోపల, కర్ర తల మీద, నల్లటి అలల జుట్టు. ఒక్క కుచ్చు కూడా చెదరలేదు.

"ఇదీ రూడీ జుట్టు. ఇరవై నాలుగేళ్లకే ఆయన తల మీద ఒక్క వెంట్రుకా లేదు. పెళ్లి చూపులకి కూడా విగ్గుతోనే వచ్చాడు. పెళ్లైన మూడో రోజున చెప్పి ఏడ్చాడు. మంగలివాడికి బట్టతల అంటే ఎవడొస్తాడు? తైలం ఎవడు కొంటాడు? అందుకే చెప్పలేదు. ఆయన దొంగా కాదు, పరాయి ఆడదాని మేడెక్కినవాడూ కాదు. ఇన్నేళ్లకి చెప్పాను. అంతే."

మైకు ఇచ్చేసింది. గుండెల మీది బరువు దిగిపోయినట్టు అనిపించింది. చప్పట్లు కొడతారనుకుంది. కొట్టలేదు. మూడో వరసలో ఒకాయన మెల్లగా లేచి నిలబడ్డాడు. ఎర్ర గళ్ల చొక్కా, ఒళ్లో మూడు దస్త్రాలు.

"అంటే..." అన్నాడాయన, "రూడీకి బట్టతలా?"

"అవును బాబూ, చెప్పాను కదా."

"ఒలిచిన గుడ్డులా?"

ఐలీకి అప్పుడు తట్టింది. కానీ ఆలస్యమైపోయింది. హాలు హాలంతా లేచి నిలబడింది. "జుట్టు చిక్కు విడిపోయింది!" అని ఎవరో అరిచారు. ఎవరో ఏడుస్తున్నారు. తైలం మహిమ మీద పుస్తకం అచ్చేయించిన పెద్దమనిషి కుర్చీలో కూలబడ్డాడు. ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు కావలించుకున్నారు. రూడీ విగ్గు తీసి జేబులో పెట్టుకున్నాడు, బ్యాంకు లోపలికి వెళ్లాడు, బయటికి వచ్చాడు, మళ్లీ పెట్టుకున్నాడు! ఇంత సులువైన సంగతి యాభై ఏళ్లు ఎవరికీ తట్టలేదే!

"నేను చెప్పేది వినపడుతోందా? ఆయన ఊళ్లోనే లేడు!" అని ఐలీ అరిచింది. వినిపించుకునే నాథుడు లేడు. బెర్నడెట్ ఆ పెట్టె వంకే చూస్తూ, "పిన్నీ, అది లైబ్రరీకి ఇస్తావా? బంతి పక్కన పెడతాను" అంటోంది.

అప్పుడు వెనక గోడ దగ్గర కుర్చీ కిర్రుమంది.

"ఆవిడ చెప్పింది నిజం" అన్నాడు గోర్డీ ట్రెంబాత్.

ఆయన గొంతు ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అందరూ వెనక్కి తిరిగారు.

"రూడీ చెప్పకపోయినా, షాపు సొరుగులో ఒక రసీదు దొరికితే, ఆ మరుసటి వారమే నేను గ్రీన్ బే వెళ్లాను. వివియన్ గారిని చూశాను. పిల్లి నన్నూ రక్కింది. రూడీ తల కొలతలతో చేసిన సున్నపు అచ్చు నాకు చూపించింది. ఆ రోజు సాయంత్రం దాకా తన కుర్చీలోనే ఉన్నాడని చెప్పింది. పక్క వాటా ముసలాయన కూడా చూశానన్నాడు. రూడీ దొంగ కాదని నాకు యాభై ఏళ్ల కిందటే తెలుసు."

"మరి ఫైల్లో లేదేం?" అని గళ్ల చొక్కా ఆయన నిలదీశాడు. "ఫైలు నాకు కంఠతా వచ్చు. నాలుగు వందల పన్నెండు పేజీలు. గ్రీన్ బే అన్న మాటే లేదు!"

"రాస్తే ఆఫీసులో టైపు చేసే ఆవిడ చదువుతుంది. ఆవిడ మొగుడు నెలకి రెండు సీసాల తైలం కొనేవాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసేది. నేను తిరిగొచ్చి అడిగితే రూడీ నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. 'జైల్లో పెట్టు గోర్డీ, జుట్టు సంగతి మాత్రం రాయకు' అన్నాడు. మాటిచ్చాను." గోర్డీ తన బట్టతల నిమురుకున్నాడు. "నేనూ ఆ తైలమే వాడేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను."

జనం నవ్వారు. గోర్డీ కూడా, ఎన్నాళ్లకో, కొంచెం నవ్వాడు. ఆ నవ్వు ఇంకా పూర్తి కాలేదు, డెలానీ చెయ్యెత్తింది.

"ఒక చిన్న ప్రశ్నండీ. మీకు బట్టతల ఎప్పటి నుంచి?"

"డెబ్బై రెండు నుంచి అనుకుంటా. ఎందుకూ?"

అన్నాక గానీ ఆయనకి అర్థం కాలేదు. హాల్లో పెన్నులు గరగరలాడాయి. గళ్ల చొక్కా ఆయన కొత్త దస్త్రం తెరిచాడు. ఎవరో బంతి తెచ్చి, "గోర్డీ గారూ, ఒక్కసారి వేళ్లు..." అన్నారు. గోర్డీ మొహం కందగడ్డలా అయింది. "నన్నా? యాభై ఏళ్లు నన్ను చేతకానివాడన్నారు, ఇప్పుడు దొంగనంటారా!" అని గదమాయించాడు గానీ, ఐలీకి మాత్రం ఆ గొంతులో ఎక్కడో కాస్త సంబరం వినిపించింది. రూడీ గొంతులో ఆ సంబరాన్ని ఎన్నోసార్లు విన్న మనిషి ఆమె.

వేళ్లు సరిపోయాయి. అవి మామూలు మగాడి వేళ్లు, ఎవరివైనా సరిపోతాయి. ఆ సంగతి గోర్డీ ఎంత చెప్పినా ఎవరికీ పట్టలేదు.

డెలానీ మాత్రం మనసున్న పిల్ల. సాయంత్రం వచ్చి ఐలీ చేతులు పట్టుకుంది. "వివియన్ గారి విషయం పొరపాటు పడ్డానండీ. క్షమించండి. ఆ మాట ఎక్కడా అనను."

"అనకపోతే చాలు. తిన్నావా?"

"ఐదు తిన్నాను."

"నువ్వు మడిచినవి రెండు మిగిలిపోయాయి. ఎవరూ తీసుకోలేదు. పట్టుకుపో."

సోమవారం పొద్దున ఐలీ కోటు వేసుకుని, జీవితంలో మొదటిసారి గోర్డీ ట్రెంబాత్ ఇంటికి నడిచింది. గేటు బయట ముగ్గురు నిలబడి ఇంటిని ఫోటోలు తీస్తున్నారు. గోర్డీ కిటికీ తెర పక్కనుంచి చూస్తూ, వాళ్లు ఇటు తిరిగినప్పుడల్లా చటుక్కున దాక్కుంటున్నాడు. దొంగ కూడా అలాగే దాక్కుంటాడని ఆయనకి తోచినట్టు లేదు.

తలుపు తీసి ఆమెని చూసి బిక్కచచ్చిపోయాడు. "ఐలీ! లోపలికి రా. కాఫీ పెడతాను."

కాఫీ పెట్టాడు. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఐలీ చక్కెర కలుపుకుంది.

"నీకు తెలుసని నాకు చెప్పొచ్చు కదా" అంది ఐలీ. "యాభై ఏళ్లు నిన్ను చూసి మొహం తిప్పుకున్నాను. చర్చిలో నీ పక్కన కూర్చోవాల్సి వస్తుందని వెనక బల్లకి పోయేదాన్ని."

"నువ్వు నాతో మాట్లాడితేగా చెప్పడానికి. అయినా నీకు విగ్గు సంగతి తెలుసో లేదో నాకేం తెలుసు? తెలియకపోతే నా నోటితో నేను మీ కాపురంలో నిప్పు పెట్టినట్టు అవుతుంది."

ఐలీకి అప్పుడు లెక్క తేలింది. తన మొగుడి బట్టతల కోసం ఈ మనిషి ఉద్యోగంలో పైకి రాలేదు, ఊరికి నవ్వులాటయ్యాడు, టీషర్టుల మీదికెక్కాడు. రూడీ ఈ మాట ఆమెకి ఒక్కసారైనా చెప్పలేదు. చెప్పి ఉంటే క్రిస్మస్‌కి ఓ కేకైనా పంపేది. "థాంక్స్ గోర్డీ" అంది. చాలా చిన్న మాటలా ఉందనిపించి, కాఫీ బాగుందని కూడా అంది. కాఫీ బాగాలేదు.

"పోన్లే" అన్నాడు గోర్డీ. "ఇప్పుడు నన్ను దొంగంటున్నారు. నిన్న చర్చిలో ఆరుగురు వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. మా కోడలు మిల్వాకీ నుంచి ఫోన్ చేసింది, పెళ్లైన ఇరవై ఏళ్లలో మొదటిసారి."

ఐలీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. చెంచా కింద పెట్టింది. ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. యాభై ఏళ్లలో ఆ ఆలోచన ఒక్కసారి కూడా ఎందుకు రాలేదో అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. రూడీ కాదు, రూడీ కాదు అని చెప్పుకోవడంతోనే ఇన్నేళ్లూ గడిచిపోయాయి. ఆ మాట తరవాత ఇంకో మాట ఉంటుందని తోచనే లేదు.

"గోర్డీ, అయితే మరి చేసిందెవరు?"

గోర్డీ ఆమె వంక చూశాడు. ఆ ప్రశ్న ఆయన్ని యాభై ఏళ్లుగా అందరూ అడిగారు, కానీ ఎగతాళికి. నిజంగా తెలుసుకోవాలని ఎవరూ అడగలేదు. లేచి, గిన్నెల సొరుగు లాగి, అడుగున ఉన్న మురికి పట్టిన నోటుబుక్కు తీశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు.

"పదకొండు పేర్లున్నాయి. నలుగురు ఇంకా బతికే ఉన్నారు. ఇద్దరు నీకు బాగా తెలుసు. ఎవరికీ చెప్పకూడదు."

"నేను ఎంతకాలం చెప్పకుండా ఉండగలనో నీకు ఇంకా అర్థం కాలేదా? చదువు."

గోర్డీ మొదటి పేరు చదివాడు.

"ఛ, వాడా!" అంది ఐలీ. "వాడు జన్మలో ఎవరికీ థాంక్స్ చెప్పలేదు, బ్యాంకులో చెప్తాడా? కొట్టెయ్యి. రెండోది ఎవరు?"

అంటూనే కోటు విప్పి కుర్చీకి తగిలించి, బల్ల దగ్గరికి జరిగి కూర్చుంది.